ముప్పై తొమ్మిదో అధికరణం: పదపదానికీ వ్యాఖ్య

బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989 నవంబర్ 20న ఆమోదించింది. అందులో 54 అధికరణాలున్నాయి. చదువు గురించి చెప్పేదీ, బాలకార్మికుల గురించి చెప్పేదీ బాలల దినోత్సవం ఉపన్యాసాల్లో ఏటా వినబడుతూనే ఉంటాయి. 39వ దాని జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. ఉన్నవి రెండే వాక్యాలు. సారాన్ని మన మాటల్లో పెట్టుకుంటే ఇలా ఉంటుంది:

నిర్లక్ష్యానికి, దోపిడీకి, చిత్రహింసకు, సాయుధ సంఘర్షణకు బాధితులైన బాలలు శరీరంలోనూ మనసులోనూ కోలుకునేలా, సమాజంలో తిరిగి కలిసేలా రాజ్యాలు తగిన చర్యలన్నీ తీసుకోవాలి. ఆ కోలుకోవడం బిడ్డ ఆరోగ్యాన్ని, ఆత్మగౌరవాన్ని, మర్యాదను పెంచే వాతావరణంలో జరగాలి.

మిగతా దురాగతాలను పక్కన పెట్టి యుద్ధం సంగతే ఇక్కడ తీసుకుంటున్నాను. మొదటి వాక్యం మీద ప్రపంచమంతటా సదస్సులు జరిగాయి, పథకాలు పుట్టాయి. రెండో వాక్యం దగ్గరికి వచ్చేసరికి నిధులూ ఓపికా రెండూ అయిపోతాయి. కాల్పుల మధ్య పెరిగే పిల్లలు హింసను ఎలా అర్థం చేసుకుంటారో గమనించినవాళ్లకు మాత్రం రెండోదే అసలు వాక్యం అనిపిస్తుంది. అందుకే చివరి పదాన్ని చివరికే ఉంచి, మిగతా పదాలను ఒక్కొక్కటిగా విప్పుతాను.

బాలలు

ఒడంబడిక లెక్కలో పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా బాలలే. పాలుతాగే పసికందూ, మీసకట్టు వచ్చిన పదిహేడేళ్ల కుర్రాడూ ఒకే పదం కింద ఉన్నారు. చట్టానికి ఆ సౌలభ్యం కావాలి. కానీ తుపాకీ పేలినప్పుడు ఆ ఇద్దరికీ వినబడేది ఒకటి కాదు.

ఈ తేడాలను దగ్గరగా చూసి రాసిపెట్టిన తొలి పరిశీలనల్లో లండన్‌వి ఉన్నాయి. 1940 సెప్టెంబర్ 7న మొదలుపెట్టి 57 రాత్రులు వరసగా జర్మన్ విమానాలు ఆ నగరం మీద బాంబులు కురిపించాయి. నాజీల బారి నుంచి తప్పించుకుని 1938లో వియన్నా నుంచి అక్కడికి చేరిన అనా ఫ్రాయిడ్, ఆమె స్నేహితురాలు డొరొతీ బర్లింగ్‌హామ్ కలిసి 1941లో హాంప్‌స్టెడ్ ప్రాంతంలో పిల్లల కోసం ఆశ్రయ గృహాలు తెరిచారు. డబ్బు అమెరికా దాతలది. అక్కడ పనిచేసే అమ్మాయిలు పిల్లల మాటా, ఆటా, తిండీ, నిద్రా రోజూ చీటీల మీద రాసేవారు. ఆ చీటీల్లోంచి తేలిన మొదటి సంగతి: మరీ చిన్నపిల్లలు బాంబును బాంబుగా చూడరు. వాళ్లు చూసేది తల్లి ముఖాన్ని. తల్లి నిబ్బరంగా ఉంటే నేలమాళిగలో కూడా నిద్రపోతారు. ఆమె వణికితే, బాంబు ఊరవతల పడినా సరే, వీళ్లూ వణుకుతారు. రెండేళ్ల బిడ్డకు యుద్ధం తల్లి గుండె చప్పుడులోంచే అందుతుంది.

నాలుగైదేళ్లకు వ్యవహారం మారుతుంది. ఆ వయసు పిల్లలకు చావు అంటే తిరిగిరాని పోక అని తెలియదు. 1948లో మారియా నాగి అనే మనస్తత్వవేత్త బుడాపెస్ట్ ప్రాంతపు పిల్లలతో మాట్లాడి, వాళ్లచేత రాయించి, గీయించి ఒక అధ్యయనం ప్రచురించింది. అయిదేళ్ల లోపువాళ్లు చావును ప్రయాణం లాగానో నిద్ర లాగానో భావించారు. అయిదు నుంచి తొమ్మిది మధ్యవాళ్లు దాన్ని వచ్చి పట్టుకుపోయే మనిషిగా ఊహించుకున్నారు. తొమ్మిది దాటాకే అది అందరికీ తప్పనిదని గ్రహించారు. ఆ తర్వాతి పరిశోధకులు ఈ వయసుల గీతలను అటూ ఇటూ జరిపారు గానీ, మెట్లున్నాయన్న మాటను ఎవరూ కొట్టెయ్యలేదు.

దీని ఫలితం ఇంట్లో ఎలా ఉంటుందో చూడండి. నాన్న చనిపోయాడని నాలుగేళ్ల పిల్లాడికి చెప్పారు. సరే అంటాడు. సాయంత్రానికి ఎప్పుడొస్తాడని అడుగుతాడు. ఆ మాటకు తల్లి భోరుమంటుంది. తన ప్రశ్న వల్లే అమ్మ ఏడ్చిందని వాడికి తోస్తుంది. మర్నాటి నుంచి అడగడం మానేస్తాడు. చిన్నపిల్లాడు, మరిచిపోయాడు అని చుట్టాలు ఊపిరి పీల్చుకుంటారు. యుద్ధంలో పిల్లలు త్వరగా మరిచిపోతారనే నమ్మకంలో సగం ఇలా పుట్టినదే.

ఏడెనిమిదేళ్ల నుంచి పిల్లలు వివరాలు పోగేస్తారు: ఏ విమానం, ఏ తుపాకీ, ఎవరు ఎటునుంచి వచ్చారు, తప్పెవరిది. పన్నెండు దాటినవాళ్లు పక్షం ఎంచుకుంటారు, లేదా పక్షమే వాళ్లను ఎంచుకుంటుంది. ఛత్తీస్‌గఢ్ పోరులో మావోయిస్టులు, వాళ్లకు ఎదురుగా నిలిపిన సల్వాజుడుం దళాలు, ప్రభుత్వ బలగాలు అందరూ మైనర్లను వాడుకున్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లోనే నివేదిక ఇచ్చింది. ఆరేళ్లకే మావోయిస్టుల బాలసంఘంలో చేరినవాళ్లున్నారు. యువకుల కంటే పిల్లలు తేలిగ్గా దొరకడానికి కారణం అమాయకత్వం ఒక్కటే కాదు. భయపడేవాళ్ల వైపు కాకుండా భయపెట్టేవాళ్ల వైపు నిలబడితే గుండెదడ తగ్గుతుందని ఆ వయసుకు బాగా తెలుసు.

బాధితులైన

ఈ పదం అబద్ధం కాదు, కానీ చాలదు. 2005లో చాద్ దేశపు శిబిరాల్లో హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశోధకులు దార్ఫుర్ శరణార్థులతో మాట్లాడుతూ, పెద్దల మాటలు సాగేంతసేపు పిల్లలకు కాలక్షేపంగా ఉంటుందని కాగితాలూ రంగు క్రేయాన్లూ చేతికిచ్చారు. ఏం గీయాలో చెప్పలేదు. పిల్లలు గుర్రాల మీదా ఒంటెల మీదా వచ్చిన జంజావీద్ ముఠాలను గీశారు. ఆంటొనోవ్ విమానాలను, హెలికాప్టర్లను, మంటల్లో ఉన్న గుడిసెలను గీశారు. రెండేళ్ల తర్వాత ఒక బ్రిటిష్ స్వచ్ఛంద సంస్థ అలాంటి బొమ్మలు 500 సేకరించి హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు అందజేసింది. కోర్టు వాటిని నేర నేపథ్యాన్ని తెలిపే సాక్ష్యంగా స్వీకరించింది. ఆ పిల్లలు బాధితులే, కాదనం. అంతకుముందే వాళ్లు సాక్షులు. దాడి చేసింది గుర్రపు ముఠాలే తప్ప తమకేమీ తెలియదని వాళ్ల దేశపు ప్రభుత్వం చెబుతున్నప్పుడు, నేల మీద గుర్రాలనూ ఆకాశంలో విమానాలనూ ఒకే కాగితం మీద పెట్టి చూపినవాళ్లు వాళ్లు. గుర్రపు ముఠాల దగ్గర విమానాలుండవు కదా!

ఇది కొత్త సంగతి కూడా కాదు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఇళ్లు వదిలి పిల్లల శిబిరాలకు చేరినవాళ్ల బొమ్మలు 60 ఏరి 1938లో న్యూయార్క్‌లో పుస్తకంగా వేశారు. ముందుమాట ఆల్డస్ హక్స్‌లీది. ఆ బొమ్మల నిండా విమానాలే. అయితే పుస్తకం యుద్ధంతో ఆగదు. మునుపటి బతుకు, శిబిరంలో బతుకు, యుద్ధం తర్వాతి బతుకు కూడా పిల్లలు గీశారు. యుద్ధం అయిపోయాక ఎలా ఉంటుందో ఊహించగలిగిన పిల్లాడిని ఉట్టి బాధితుడనడం వాడి బుర్రను తక్కువ చేయడమే. పిల్లల బొమ్మ చూసి అయ్యో అనడం తేలిక. దాన్ని వాంగ్మూలంలా చదవడానికి కాస్త శ్రమ పడాలి.

మరో సంగతి పెద్దలకు మింగుడుపడదు: యుద్ధంలో పిల్లలు సరదా కూడా పడతారు. లండన్‌లో తెల్లవారగానే వీధుల్లోకి పోయి బాంబు తునకలు ఏరుకునేవారు. యాభై ఏళ్ల తర్వాత ముట్టడిలో ఉన్న సారయెవో నగరంలోనూ అంతే. అక్కడి పిల్లలు పేలిన గుండ్ల ముక్కలను దాచుకుని, ఒకరితో ఒకరు మార్చుకుని, ఎవరి దగ్గర పెద్దది ఉందని పోటీ పడ్డారు. ఆ ముట్టడిలో పెరిగిన యాస్మింకో హలిలోవిచ్ 2010లో అంతర్జాలంలో ఒక ప్రశ్న పెట్టాడు: యుద్ధంలో బాల్యం అంటే నీకు ఏమిటి? జవాబు 160 అక్షరాలు దాటకూడదన్నాడు. వెయ్యికి పైగా వచ్చాయి. వాటిలో భయమూ ఉంది, చాక్లెట్ కోసం ఆరాటమూ ఉంది, తొలిప్రేమలూ ఉన్నాయి. 2013లో పుస్తకమయ్యాయి, 2017లో వాటి కొనసాగింపుగా యుద్ధ బాల్య మ్యూజియం తెరుచుకుంది. తునకలు ఏరుకున్న పిల్లలు మొద్దుబారిపోయారని కొందరంటారు. నాకలా అనిపించదు. రాత్రి తనను చంపడానికి వచ్చిన వస్తువును పొద్దున్నే జేబులో వేసుకోవడం, ఆ వయసు చేతిలో ఉన్న ఏకైక పెత్తనం.

సాయుధ సంఘర్షణకు

అంతర్జాతీయ న్యాయంలో ఈ పదానికి కొలతలున్నాయి. ఢిల్లీ ఈ పదాన్ని మనకు వర్తింపజేయడానికి ఒప్పుకోదు. బాలలను పోరులో దించకూడదనే ఐచ్ఛిక ప్రోటోకాల్‌ను భారత్ 2005లో ధ్రువీకరించింది. దాని అమలు మీద ఐరాసకు పంపిన నివేదికలో మాత్రం, మా దేశంలో అంతర్జాతీయ సాయుధ సంఘర్షణా లేదు, అంతర్గతమైనదీ లేదు అని రాసింది. ఇక్కడున్నది శాంతిభద్రతల సమస్య అని వాదన.

సరిగ్గా అదే 2005 జూన్‌లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. దంతెవాడ, బీజాపూర్ ప్రాంతపు పల్లెలు ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. వేల మంది అడవిదారుల్లో ఇటు నడిచొచ్చి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. అంతకుముందే బతుకుతెరువుకు వచ్చినవాళ్లనూ వీళ్లనూ కలిపి మన పత్రికలు గొత్తికోయలని రాస్తాయి. సల్వాజుడుంను, ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా పోరులోకి దించడాన్ని సుప్రీంకోర్టు 2011 జులై 5న రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. 2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు ఎదురుకాల్పుల్లో మరణించాక, పోరు ముగింపుకు వచ్చినట్టేనని చాలామంది అన్నారు. ముగిసే తేదీలు పెద్దల లెక్క. 2005లో ఆరేళ్ల వయసులో నడిచొచ్చిన పిల్ల ఇప్పుడు తల్లి అయి ఉంటుంది. ఆమె ఒళ్లో బిడ్డకు భయం ఏ దారిన చేరుతుందో మొదటి పదం దగ్గరే చూశాం.

రాజ్యాలు తగిన చర్యలన్నీ

ఈ పదబంధం ఎవరికీ అభ్యంతరం లేనిది. అందుకే ప్రమాదకరమైనది. పిల్లల మేలు కోరి తీసుకున్న చర్య పిల్లలకు ఎలా అనిపించిందో అడిగేవాళ్లు అరుదు.

1939 సెప్టెంబర్ 1న బ్రిటన్ తన నగరాల నుంచి పిల్లల తరలింపు మొదలుపెట్టింది. మూడు నాలుగు రోజుల్లో తల్లులు, టీచర్లతో కలిపి సుమారు 15 లక్షల మంది పల్లెలకు వెళ్లారు. మెడలో గ్యాస్ మాస్కు పెట్టె, కోటుకు పేరు రాసిన చీటీ. బాంబుల నుంచి కాపాడడానికి అంతకంటే తగిన చర్య ఏముంటుంది? కానీ 1940 జనవరి నాటికే లక్షల మంది తిరిగి నగరాలకు వచ్చేశారు. హాంప్‌స్టెడ్‌లో అనా ఫ్రాయిడ్ చెప్పింది విన్నవాళ్లు ఉలిక్కిపడ్డారు: తల్లి పక్కన ఉండి బాంబుల మధ్య పడుకున్న పిల్లల కంటే, తల్లికి దూరంగా క్షేమంగా ఉన్న పిల్లలే ఎక్కువ చెదిరిపోయారు.

ఆమె రాసిన ఉదంతాల్లో మూడేళ్ల పిల్లాడొకడు ఉన్నాడు. ఏడవకుండా ఉంటే చూడటానికి వస్తానని తల్లి చెప్పి వెళ్లింది. వాడు ఏడవలేదు. ఎవరు కనబడినా తలాడిస్తూ, అమ్మ వస్తుంది, కోటు తొడుగుతుంది, ఇంటికి తీసుకెళుతుంది అని చెప్పేవాడు. రోజులు గడిచేకొద్దీ ఆ వర్ణన పెరిగింది. అమ్మ కోటు తొడుగుతుంది, జిప్పు లాగుతుంది, టోపీ పెడుతుంది... విని విని విసిగిన ఎవరో, ఇంక ఆపమన్నారు. వాడు మాట ఆపేశాడు. మిగతా పిల్లలు ఆడుకుంటుంటే ఒక మూల నిలబడి, కనబడని కోటు తొడుక్కుంటున్నట్టు, జిప్పు లాగుతున్నట్టు చేతులు మాత్రం కదిలించేవాడు. పెదవులు ఆడేవి. చప్పుడు లేదు. ఆ ఇంట్లో వాడికి తిండికి లోటు లేదు. తర్వాత 1942లో ఆ గృహాల పద్ధతినే మార్చి, నలుగురైదుగురు పిల్లలకు ఒక సంరక్షకురాలిని తల్లిలా అప్పగించి చిన్న చిన్న కుటుంబాలు కట్టారు. పిల్లలు మొదట అసూయతో కొట్టుకున్నారు, పిదప కుదురుకున్నారు.

బస్తర్‌లో బడుల కథ దీనికి దూరమేమీ కాదు. బలగాలు బడి భవనాల్లో మకాం వేశాయి. మకాం వేస్తారని మావోయిస్టులు వాటిని పేల్చేశారు. ఊళ్లో బడి పోయింది. ప్రభుత్వం రోడ్ల పక్కన వెదురుతో పోర్టా క్యాబిన్లు అనే పెద్ద పెద్ద ఆశ్రమ బడులు కట్టి పిల్లలను చేర్చింది. చదువు నిలిచింది, అది చిన్న విషయం కాదు. వందల మంది మధ్య, అమ్మకు దూరంగా, ఇంటి భాష వినబడని చోట ఆరేళ్ల పిల్ల రాత్రులెలా గడుపుతుందన్నది మాత్రం తగిన చర్యల జాబితాలో ఎక్కదు. ఎనభై ఏళ్ల కిందట లండన్‌లో రుజువైన సంగతి బీజాపూర్‌లో ఎవరికీ గుర్తు రాలేదు.

శరీరంలోనూ

మొజాంబిక్ మాజీ విద్యామంత్రి గ్రాసా మాషెల్ 1996లో యుద్ధాల్లో పిల్లల స్థితి మీద ఐరాసకు ఇచ్చిన నివేదిక ఈ రంగంలో మలుపు. అందులో తేల్చిన విషయాల్లో ఒకటి, గుండు తగిలి చచ్చేవారికంటే యుద్ధం తెచ్చిన ఆకలితో, జబ్బులతో చచ్చే పిల్లలే ఎక్కువని. కాబట్టి ఈ పదానికి మొదటి అర్థం అన్నం, మంచినీళ్లు, టీకాలు.

రెండో అర్థం కూడా ఉంది. చిన్నపిల్లలు భయాన్ని నోటితో చెప్పరు, ఒంటితో చెబుతారు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. కడుపునొప్పి అంటారు, పరీక్షిస్తే ఏమీ ఉండదు. జడుపు జ్వరం మన అమ్మమ్మలకు తెలిసినదే. వాళ్లు తాయెత్తు కట్టి, ఆ రాత్రి పిల్లను పక్కలో పడుకోబెట్టుకునేవారు. తాయెత్తు సంగతి వదిలేస్తే రెండో పని నూటికి నూరుపాళ్లు సరైనది.

మనసులోనూ కోలుకునేలా

1980లో అమెరికా మానసిక వైద్యులు తమ వ్యాధుల గ్రంథంలో పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత వెంటాడే మానసిక ఒత్తిడి) అనే కొత్త రుగ్మతను చేర్చారు. దాని వెనుక ప్రధానంగా ఉన్నది వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల అనుభవం. ఆరేళ్ల లోపు పిల్లల్లో అది వేరుగా కనిపిస్తుందని ఆ గ్రంథం ప్రత్యేక లక్షణాలు రాసుకోవడానికి 2013 దాకా పట్టింది. ఇంటికి తిరిగొచ్చిన సైనికుడికి యుద్ధం గతం. ముట్టడిలో ఉన్న పిల్లాడికి అది ఈ మధ్యాహ్నం. చప్పుడు విని గుండు పైన పడేదో దూరంగా పోయేదో చెప్పగలిగిన పిల్లాడు యుద్ధంలో రోగి కాదు, నేర్పరి. అదే చెవితో తరగతిలో కూర్చున్నప్పుడు, తలుపు కొట్టుకున్నప్పుడల్లా పాఠం జారిపోతుంది. టీచరు వాడిని మందమతి అంటుంది. చూపించాల్సిన లక్షణాలు చూపించే పిల్లల కంటే, ఏ చప్పుడుకూ ఉలికిపడకుండా నెమ్మదిగా, చెప్పినమాట వింటూ ఉండే పిల్లల గురించే, నన్నడిగితే, ఎక్కువ దిగులు పడాలి.

పిల్లల మనసు బాగుపడే చోటు ఆట. హాంప్‌స్టెడ్‌లోనే మరో పిల్లాడు, నాలుగేళ్లవాడు. తండ్రి వైమానిక దాడిలో చనిపోయాడు. వాడు ఒప్పుకోలేదు. జబ్బుతో మంచాన పడినప్పుడు పెట్టెడు కాగితం ఇళ్లు ముందు పెట్టుకుని, గోళీలతో వాటి మీద బాంబులు వేసేవాడు. పక్క పిల్లలూ బాంబుల ఆట ఆడేవారు. వాళ్ల ఆటలో ఇళ్లు కూలేవి, కూలాక ఆట అయిపోయేది. వీడి ఆటలో బాంబు పడే లోపల మనుషులంతా బయటికి వచ్చేసేవారు. కూలిన ప్రతి ఇల్లూ మళ్లీ లేచేది. మళ్లీ బాంబులు, మళ్లీ అందరూ క్షేమం, మళ్లీ ఇళ్లు. ఆ ఆటకు అంతు లేదు, ఎందుకంటే ఒప్పుకోని చావుకు అంతు లేదు. కొన్ని నెలలకు, నాన్న చనిపోయాడని వాడు నోరు తెరిచి చెప్పగలిగినప్పుడు ఆ ఆట దానంతట అదే ఆగింది.

ఎంత మంది పెద్దలు ఇలాంటి ఆట చూసి, అశుభం ఆపండి అని కసిరి ఉంటారో! ఆపకూడదు. పక్కన కూర్చుని చూడాలి. ఆట మారుతూ ఉంటే పిల్ల దారిలో ఉంది. రోజులు గడిచినా అదే ఆట, అదే వరస, ముఖంలో సంతోషం లేకుండా సాగుతుంటే, అప్పుడు సాయం కావాలి. అనా ఫ్రాయిడ్ ఇంకో మాట కూడా అంది, అది నాకు బాంబుల కంటే బరువైనదిగా తోస్తుంది. కొట్టకు, విరగ్గొట్టకు అని పిల్లలకు మనం నేర్పేది సరిగ్గా మూడు నాలుగేళ్ల వయసులోనే. ఆ వయసులోనే వాళ్ల కళ్లముందు పెద్దవాళ్లు ఊళ్లకు ఊళ్లు విరగ్గొడుతుంటే, ఆ పాఠానికి విలువ ఏముంటుంది?

ఆట ఎంత అవసరమో చెప్పడానికి ఒక తేదీ చాలు. 1994 జనవరి 22న సారయెవోలో అలీపాషినో పోల్యే అనే కాలనీలో మంచు పడింది. ముట్టడిలో ఇల్లు దాటొద్దన్న మాట అక్కడి ప్రతి పిల్లకూ తెలుసు. అయినా మంచు మీద జారడానికి బయటికి వచ్చారు. గుండ్లు పడి ఆరుగురు పిల్లలు చనిపోయారు. వాళ్లకు ప్రమాదం తెలియక కాదు. పిల్లలు నెలల తరబడి ఆడకుండా ఉండలేరు, అంతే.

సమాజంలో తిరిగి కలిసేలా

ఈ పదానికి మంచి వ్యాఖ్య మొజాంబిక్ నుంచి వచ్చింది. రెనామో తిరుగుబాటుదళం పల్లెల నుంచి పిల్లలను ఎత్తుకుపోయి, కొట్టి, చంపడం నేర్పి సైనికులను చేసింది. అలా దొరికిన 39 మంది మగపిల్లలను 1988లో మాపుతోలోని లాంగెని అనే కేంద్రానికి తెచ్చారు. అమెరికా మనస్తత్వవేత్త నీల్ బూత్‌బీ బృందం వాళ్లను 16 ఏళ్ల పాటు గమనించింది. లోకం వాళ్లను చేతికందకుండా పోయిన తరమని రాసేసింది. కానీ చాలామంది పెళ్లి చేసుకుని, పొలం చేసుకుని, పిల్లలను ప్రేమగా పెంచే మామూలు మనుషులయ్యారు. చెడ్డకలలు పూర్తిగా పోయినవాళ్లు మాత్రం లేరు. ఆరు నెలల లోపు దళంలో ఉన్నవాళ్లు తేలిగ్గా బయటపడ్డారు. ఏడాది, అంతకు మించి ఉన్నవాళ్లకు కష్టమైంది.

వాళ్లను నిలబెట్టింది వైద్యం ఒక్కటే కాదు. ఊరికి వెళ్లగానే పెద్దలు, నాటువైద్యులు శుద్ధి క్రతువు జరిపారు. చచ్చినవాళ్ల ఆత్మలు వీడిని వదిలేశాయి, వీడు మళ్లీ మనవాడు అని ఊరంతటి ముందు ఒప్పుకున్నారు. తర్వాత ఒక చేతిపని నేర్పారు. ఆధునికులకు క్రతువు మూఢనమ్మకంగా కనిపించవచ్చు. దాని పని మాత్రం స్పష్టం: నేరం పిల్లాడి మెడ మీంచి దింపి, వాడిని లోపలికి రానివ్వాల్సిన బాధ్యత ఊరి మీద పెట్టింది. సియెరా లియోన్‌లో 2002లో యుద్ధం ముగిశాక పరిశోధకురాలు థెరీసా బెటాన్‌కోర్ట్ ఏళ్ల తరబడి చేసిన అధ్యయనాలూ ఈ మాటే చెప్పాయి. పాత బాలసైనికుల దిగులు తగ్గడంలో కుటుంబం, ఊరు వాళ్లను స్వీకరించాయా వెలివేశాయా అన్నది చాలా పెద్ద విషయమైంది. అక్కడే ఒక అన్యాయం కూడా జరిగింది. ఆయుధాలు అప్పగించినవాళ్లకు మొదలుపెట్టిన పథకాల్లో ఆడపిల్లలు బహు తక్కువగా చేరారు. దళాల్లో వంటకూ మోతకూ పడకకూ వాడుకున్న పిల్లల చేతిలో అప్పగించడానికి తుపాకీ ఎక్కడుంటుంది?

ఆత్మగౌరవాన్ని, మర్యాదను

చట్టంలో ఇవి అలంకారంగా కనబడే పదాలు. గాజా వైద్యుడు ఇయాద్ అల్ సర్రాజ్ చెప్పింది చదివితే అలా అనిపించదు. 1990లో గాజాలో సామాజిక మానసిక ఆరోగ్య సంస్థను పెట్టిన మనిషి ఆయన. మొదటి ఇంతిఫాదా తిరుగుబాటు కాలంలో సైనికులు ఇళ్లలోకి వచ్చి పిల్లల ముందే తండ్రులను కొట్టేవారు. ఆ దృశ్యం పిల్లలను గుండు దెబ్బ కంటే లోతుగా తాకిందని ఆయన గమనించాడు. వీధిలో యూదులూ అరబ్బులూ ఆట ఆడేటప్పుడు చాలామంది పిల్లలు సైనికుడి వేషమే కోరుకునేవారు, ఎందుకంటే బలం ఆ వేషానిదే. తండ్రి కాపాడలేడని తేలిపోయాక, కాపాడేలా కనిపించే మరొకరి కోసం వెతుకుతారు. ఆ మరొకరి చేతిలో సాధారణంగా తుపాకీ ఉంటుంది.

ఇది గాజాకే పరిమితం కాదు. గొత్తికోయల గుడిసెలు రిజర్వ్ ఫారెస్టులో ఉన్నాయని అటవీ సిబ్బంది వాటిని కూల్చిన వార్తలు తెలుగు పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. అడవి కాపాడడం అవసరమే, వాదన చట్టబద్ధమే కావచ్చు. కానీ కూలుతున్న గుడిసె ముందు చేతులు కట్టుకుని నిలబడిన తండ్రిని చూసే పిల్లకు యూనిఫాం రంగు ఒకటి మారింది, అంతే. బస్తర్‌లో ఒక రంగు, ఇక్కడ మరో రంగు.

వాతావరణంలో

బరువంతా ఇక్కడుంది; అందుకే ఈ పదాన్ని చివరికి ఉంచుతానని మొదటే చెప్పాను. కారణం ఇప్పటికి తేటపడే ఉంటుంది. తల్లి ముఖం, పక్కన ఆడే పిల్లలు, ఊరి క్రతువు, తండ్రి నిలబడిన తీరు: పిల్ల హింసను వీటన్నిటి గుండా చూస్తుంది, వీటన్నిటి గుండానే కోలుకుంటుంది. కౌన్సెలర్ వారానికి ఒక గంట చేసేది మంచిదే, మిగతా రోజులన్నీ మాత్రం వాతావరణానివి.

సారయెవోవాసులు దీన్ని పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. 1425 రోజుల ముట్టడిలో బడులకు వెళ్లే దారులు స్నైపర్ల గురిలో ఉంటే, ఆ చుట్టుపక్కల ఇళ్లలో ఉన్న టీచర్లు అపార్ట్‌మెంట్ మెట్ల మీదా నేలమాళిగల్లోనూ పాఠాలు చెప్పారు. దొబ్రిన్యా కాలనీ మెట్ల బడులు పేరుపొందాయి. అక్కడ చదువు ఎంత వచ్చిందన్నది అటుంచితే, రేపు హోంవర్క్ చూపించాలి అన్న ఆలోచన పిల్లకు రేపు ఉందని చెప్పింది.

మన దగ్గర ఇలాంటి ప్రయత్నం ఒకటి జరిగింది. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాలకార్మికులను బడికి చేర్చిన శాంతా సిన్హా, జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్షురాలిగా ఉన్న రోజుల్లో కల్లోలిత జిల్లాల కోసం బాలబంధు పథకం పెట్టించారు. అందులో అప్పటి ఖమ్మం జిల్లా ఉంది. బయటి నిపుణులను దించకుండా, ఆ ఊళ్ల యువకులనే ఎంచుకుని తర్ఫీదిచ్చి, పిల్లలను అంగన్‌వాడీకీ బడికీ ఆస్పత్రికీ తీసుకెళ్లే పని అప్పగించారు. ఆలోచన సరైనది: పిల్లకు నమ్మకం కుదరాల్సింది రోజూ కనబడే మనిషి మీదే. కొన్నేళ్లకే పథకం ముగిసింది.

గొత్తికోయ పిల్లలకు కావాల్సినవి పెద్ద కోరికలేమీ కావు. కోయ మాట్లాడే అంగన్‌వాడీ టీచరు, గుడిసెకు నడిచిపోగల దూరంలో ఒకటో తరగతి, హాస్టల్‌కు పంపక తప్పకపోతే అమ్మానాన్నలు తరచూ వచ్చిపోయే వీలు, పిల్ల ఎక్కడ పుట్టిందన్నది అడ్డం రాని ధ్రువపత్రం, పిల్లల ముందు తల్లిదండ్రులతో మర్యాదగా మాట్లాడే అధికారి. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, అల్లూరి జిల్లాల కలెక్టర్లు కొత్త చట్టం లేకుండానే వీటిలో చాలా వరకు చేయగలరు. భారతదేశం ఈ ఒడంబడికలో చేరింది 1992 డిసెంబర్ 11న. చేరేటప్పుడు, మెల్లమెల్లగా అమలు చేస్తామని పేరు పెట్టి గడువు అడిగింది బాలకార్మికుల గురించిన 32వ అధికరణానికి. 39కి అడగలేదు.